తిన్నగా వెళ్ళిపోండి

నీవెస్ బల్లరిన్ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నవాళ్ళకు పొద్దున్నే కాఫీతో పాటు సలహాలు కూడా దొరుకుతాయి. కాఫీ చిన్న కప్పుడే పోస్తుంది గానీ సలహాల దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి పెద్దది. వంతెన మెట్ల మీద కూర్చోకండి, అవి మేం నడిచే మెట్లు. పడవ బస్సు ఎక్కేటప్పుడు వీపు మీది సంచీ దింపి కాళ్ళ దగ్గర పెట్టుకోండి, లేకపోతే వెనకున్న ముసలమ్మ ముక్కు పచ్చడవుతుంది. పెద్ద చౌకులో కాఫీ తాగాలనిపిస్తే నిలబడి తాగండి, కూర్చుంటే బిల్లు చూశాక లేవలేరు. కాలువలోకి దిగే మెట్లు ఎంత అందంగా కనబడినా, ఆకుపచ్చగా పాచి పట్టిన మెట్టు మీద చచ్చినా కాలు పెట్టకండి. ఇవన్నీ అయ్యాక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తనకు అన్నిటికన్నా ఇష్టమైన సలహా వదిలేది. పటం మడిచి జేబులో పెట్టుకుని హాయిగా తప్పిపోండి అనేది. వెనిస్‌లో తప్పిపోయినవాడు ఎక్కడికీ పోడు, మహా అయితే నీళ్ళ ఒడ్డున ఆగిపోతాడు అని తనే నవ్వేది.

ఆ మాటకు నవ్వని అతిథి ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు. ఎర్మీనియా మాత్రం నవ్వలేదు.

ఎర్మీనియా ఉత్తరాన కొండల్లోని పల్లె మనిషి. డెబ్బై దాటింది. ఆవుల్ని మేపుకుని, జున్ను కట్టి బతికిన చేతులు. అక్కకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు, అక్క గట్టెక్కితే వెనిస్ వెళ్ళి ఆరోగ్యమాత పండగనాడు కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుంది. అక్క గట్టెక్కింది. మొక్కు మొక్కే కాబట్టి, పుట్టి బుద్ధెరిగాక చెరువు కన్నా పెద్ద నీళ్ళు చూడని మనిషి, నవంబరు నెలలో ఒంటరిగా రైలెక్కి వచ్చేసింది. పడవ బస్సులో స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడి కళ్ళు మూసుకుంటే, రేవులో ఎదురుచూస్తున్న నీవెస్ ఆ చేతుల్ని ఒక్కొక్క వేలే విప్పి దింపుకోవలసి వచ్చింది.

పండగ ముందురోజు పొద్దున కాఫీ బల్ల దగ్గర ఎర్మీనియా ప్రశ్నలు మొదలుపెట్టింది. కాలువ పక్కన కంచె ఎందుకు లేదు? లోతెంత? పిల్లలు పడిపోరా? రాత్రిళ్ళు తాగినవాళ్ళు పడిపోరా? బల్లకు అవతల ఫ్రెంచి జంట ఒకటి కూర్చుని ఉంది. వినేవాళ్ళు ఉంటే నీవెస్ నాలుకకు పదును ఎక్కువ. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా. అమ్మగారూ అనడానికి ఆ ఊళ్ళో సియోరా అంటారు.

"మీ కొండల్లో లోయలున్నాయి కదా సియోరా, ఆవులు పడిపోతున్నాయా? మేమూ అంతే. నడవడం రాకముందే ఈదడం నేర్చుకుంటాం ఇక్కడ."

"పడతాయమ్మా," అంది ఎర్మీనియా నెమ్మదిగా. "ఏటా ఒకటో రెండో పడతాయి."

ఆవిడ చెప్పిన తీరుకు ఫ్రెంచివాళ్ళు పకపకా నవ్వారు. నీవెస్ కూడా నవ్వింది. ముసలావిడ మొహం ఎర్రబడిపోయింది. కప్పు వైపు చూస్తూ కూర్చుని మరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బయటికి వెళ్తుంటే నీవెస్ తన ఎర్ర గొడుగు తెచ్చి చేతికిచ్చింది, వాన లేకపోయినా ఊతకర్రలా పనికొస్తుందని. ధైర్యంగా తిరగండి, ఏమీ కాదు అని భుజం తట్టింది. మంచి మనసే. నవ్వే నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి మొదలైంది. ఆ గాలి సముద్రాన్ని ఊళ్ళోకి తోసి, పోటు నీటిని వెనక్కి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పోటును ఆపడానికి సముద్రం మూతికి ఇనప తలుపులు కట్టక ముందటి సంగతి ఇది. పొద్దు వాలేవేళకు గంటగోపురాల మీది సైరన్లు మోగాయి. నీవెస్ పొయ్యి మీద పండగ పులుసు ఉడుకుతోంది. పొగబెట్టిన గొర్రె మాంసం, క్యాబేజీ, ఏడాదికి ఒక్కసారే వండే వంట. సైరన్ విని కిందికి వెళ్ళి, గుమ్మానికి ఇనప పలక బిగించి, మళ్ళీ పైకొచ్చి గరిటె పట్టుకుంది. నీళ్ళు ఎక్కడం ఆవిడకు చుట్టం రావడం లాంటిది. చెప్పి వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, పోతుంది.

అప్పుడు ఫోన్ మోగింది.

"సియోరా నీవెస్, నేను ఎర్మీనియాని. నూతి దగ్గరున్నాను. సింహం తలకాయ చెక్కిన నుయ్యి. నీళ్ళు వస్తున్నాయండీ."

"పోటు సమయం కదా, వస్తాయి."

"కాలువలోంచి కాదు. కింద రాళ్ళ సందుల్లోంచి. భూమిలోంచి ఊరుతున్నాయి."

నీవెస్‌కు నవ్వొచ్చింది. "అవి అలాగే వస్తాయి సియోరా. కాళ్ళు తడుస్తాయి, అంతకన్నా ఏమీ లేదు. మీరు ఇంటికొచ్చేసినట్టే. నూతికి ఎదురుగా సందు కనబడుతోందా? అందులోకి దిగి తిన్నగా వచ్చెయ్యండి."

"తిన్నగానా?"

"తిన్నగా. మా గుమ్మంలో తేలతారు."

అవతల ఎర్మీనియా ఏదో అడగబోయినట్టు గట్టిగా ఊపిరి తీసుకుంది. అడగలేదు. సరేనంది. ఆ తరవాత ఫోన్ మూగబోయింది.

నీవెస్ ఫోన్ పెట్టేసి పులుసులో ఉప్పు చూసింది. కిటికీలోంచి కిందికి చూస్తే ఎదుటి సారాకొట్టు జీజో స్కార్పా కనిపించాడు. తన గుమ్మానికి పలక బిగించుకుంటూ గొణుగుతున్నాడు. ఇద్దరూ ఒకే సందులో పుట్టి, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుని, అరవయ్యేళ్ళుగా ఒకరినొకరు ఆడిపోసుకుంటున్నవాళ్ళు.

"ఏమే నీవెస్, మీ కొండావిడ చేరిందా?"

"వస్తోంది. నీకెక్కడ కనబడింది?"

జీజో చెప్పాడు. రొట్టె కోసం వెళ్తే నూతి దగ్గర ఎర్ర గొడుగు పట్టుకుని, తడిసిన పిల్లిలా నిలబడి ఉందిట. దారి అడిగిందిట. తిన్నగా వెళ్ళమన్నాడుట. నమ్మకం కలగలేదో ఏమో, ఇంటావిడకు ఫోన్ చేసి కనుక్కుంటానందిట. నన్నడిగినా అదే కదా చెప్పాను అంది నీవెస్. ఇంకేం చెప్తాం, ఉన్న దారి అదే కదా అన్నాడు జీజో. ఇద్దరూ నవ్వుకున్నారు.

"పోయినేడు ఆ చక్రాల పెట్టె ఆయన గుర్తున్నాడా?" అన్నాడు జీజో, పలకకు మర బిగిస్తూ. "తిన్నగా వెళ్ళమంటే తిన్నగానే పోయాడు మహానుభావుడు. సందు చివర కాలువ దాకా పోయి, ఎంత కోపంగా తిరిగొచ్చాడనుకున్నావు. చంపుదామనుకున్నారా నన్ను అని కేకలు."

ఏడాదిగా ఆ కథ జీజో కొట్లో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వారో లెక్క లేదు. నీవెస్ ఈసారి కూడా నవ్వడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

మనసులో ఆ సందులో నడిచి చూసుకుంది. నుయ్యి దాటి సందులోకి దిగాలి. రొట్టెల కొట్టు వెనక గోడ, తరవాత మూసి ఉన్న వడ్రంగి షెడ్డు. ఆ షెడ్డు పక్కన ఎడమకు, ఒక ఇంటి కింద నుంచి దూరిపోయే చీకటి దారి ఉంది. అందులోంచి అవతలికి వస్తే వంతెన, వంతెన దిగితే తన ఇల్లు. అంటే అక్కడ తిరగాలి. పుట్టినప్పటి నుంచీ ఆ మలుపులో తన కాళ్ళు వాటంతటవే తిరిగాయి తప్ప, అది మలుపని ఆవిడకు ఒక్కసారైనా తోచలేదు. ఆవిడకే కాదు, ఆ పేటలో ఎవరికీ తోచలేదు. చిన్నప్పటి నుంచీ ఎవరడిగినా అందరూ తిన్నగా అనే చెప్పారు. నిజంగా తిన్నగా పోతే సందు ఇంకాస్త ముందుకు పోయి, కంచె లేని కాలువలోకి మెట్లు దిగుతుంది. ఎండ రోజున ఆ పెట్టె ఆయనకు అంచు కనబడింది. ఇప్పుడు నేలా కాలువా ఒకటే నీళ్ళు. పైగా చీకటి పడుతోంది. కళ్ళు సరిగ్గా ఆనని ముసలావిడ, ఇద్దరు ఊరివాళ్ళు చెప్పిన మాట నమ్ముకుని తిన్నగా నడుస్తోంది.

నీవెస్ గరిటె పక్కన పడేసింది. ఫోన్ తీసి ఎర్మీనియా నంబరు నొక్కింది. మోగలేదు. మళ్ళీ నొక్కింది. అందుబాటులో లేదని ఎవరిదో గొంతు తీరిగ్గా చెప్పింది.

"జీజో," అంది కిటికీలోంచి. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆవిడ తిన్నగా పోతుందిరా."

జీజో మర బిగించడం ఆపి పైకి చూశాడు. అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత చేతిలోని మరను అక్కడే వదిలేశాడు. పడవ తియ్యమంది నీవెస్. పోటులో వంతెన కింద నుంచి పడవ దూరదు, తల కూడా దూరదు అన్నాడు. అది నీవెస్‌కు తెలియని సంగతి కాదు. భయంలో తెలిసినవి కూడా ఎగిరిపోతాయి. అగ్నిమాపకం వాళ్ళకు ఫోన్ చేసి, తను పెద్ద వంతెన మీదుగా చుట్టు తిరిగి నూతి వైపు నుంచి వస్తానన్నాడు. ఒకవేళ ఇంకా నూతి దగ్గరే ఉంటే తను పట్టుకుంటాడు. లేకపోతే, అని ఆగిపోయాడు.

నీవెస్ మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇనప పలక దాటి నీళ్ళలోకి దిగింది. పొయ్యి ఆపిందో లేదో కూడా తెలియదు. గుమ్మం ముందు నీళ్ళు అప్పుడే పిక్కల దాకా ఉన్నాయి. పరిగెత్తబోతే నీళ్ళు కాళ్ళను పట్టుకుని వెనక్కి లాగుతున్నాయి. కలలో పరిగెత్తినట్టే ఉంది, ఎంత తొక్కినా ముందుకు పోవడం లేదు. గాలి చెవుల్లో హోరుమంటోంది. వంతెన మెట్లు ఎక్కి పైన ఒక్క క్షణం నిలబడి చూసింది. అరవయ్యేళ్ళుగా చూస్తున్న చోటు అది. ఏది దారో ఏది కాలువో తెలియలేదు. ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా నల్లటి నీళ్ళు, వాటి మీద ఊగుతున్న ఒక వీధి దీపం వెలుగు. కొండల నుంచి వచ్చిన మనిషికి ఈ ఊరు ఇలా కనబడుతుందన్నమాట.

సైరన్లు మళ్ళీ మోగాయి. ఈసారి ముందటికన్నా పై స్థాయి కూత. నీళ్ళు అనుకున్నదాని కన్నా ఎక్కువ ఎక్కుతాయని దాని అర్థం. ఎప్పుడూ ఆ కూత విని ఉల్లిపాయలు తరుక్కునే మనిషి, ఇప్పుడు దేవుణ్ణీ ఆరోగ్యమాతనూ చచ్చిపోయిన మొగుణ్ణీ ఒకేసారి పిలుస్తూ వంతెన దిగింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషిని ముంచకు తల్లీ అంది. నేను నవ్విన నవ్వుకు నన్ను కొట్టు, ఆవిణ్ణి కాదు అంది. ఏం అంటోందో ఆవిడకే తెలియడం లేదు.

ఇంటి కింది దారి కటిక చీకటి. కప్పు తలకు తగిలేంత కిందకి ఉంటుంది. నీళ్ళు బూట్ల పైనుంచి లోపలికి దూకి, మంచులా పాదాలకు చుట్టుకున్నాయి. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి ముందుకు చాచి, ఎర్మీనియా, సియోరా ఎర్మీనియా అని అరుచుకుంటూ నడిచింది. ఆ అరుపు కప్పుకు తగిలి తిరిగొచ్చి తన చెవుల్లోనే పడింది. ఆ చాచిన చేతికి ఏదైనా తగులుతుందేమోనని భయం, తగలదేమోనని ఇంకా పెద్ద భయం. పొద్దున ముసలావిడ అడిగిన ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. లోతెంత అంది. తను చెప్పలేదు. కంచె ఎందుకు లేదు అంది. నవ్వింది. ఫోన్లో ఆవిడ తీసుకున్న ఊపిరి కూడా ఇప్పుడే వినిపించింది. ఏదో అడగబోయి ఆగిపోయింది. ఆ ఊపిరి దగ్గర తను ఒక్క నిమిషం ఆగి, ఏమిటి సియోరా అని అడిగి ఉంటే సరిపోయేది.

దారిలోంచి సందులోకి వచ్చి పడింది. కుడివైపు, నూతి దిక్కున, ఒక్క మనిషి కూడా లేడు. ఎడమవైపు తిరిగి చూసింది.

సందు చివర, గోడలు ఆగిపోయి కాలువ మొదలయ్యే చోట, నీళ్ళ మీద ఎర్రగా ఏదో తేలుతోంది. ముడిచిన గొడుగు. చెక్క పిడి పైకి వచ్చి, మునిగి, మళ్ళీ పైకి వస్తోంది.

నీవెస్ నోట్లోంచి వచ్చిన చప్పుడును మాట అనడానికి లేదు. నీళ్ళను చేతులతో తోసుకుంటూ ఆ గొడుగు వైపు పడుతూ లేస్తూ వెళ్ళింది. చుట్టుపక్కల ఇళ్ళన్నీ చీకటిగా ఉన్నాయి. ఒకప్పుడు ఆ చివరింట్లో నీవెస్ మేనత్త ఉండేది, కిటికీలోంచి చేపల పులుసు వాసన వచ్చేది. ఇప్పుడవన్నీ వేసవిలో మాత్రమే తలుపులు తెరిచే అద్దె గదులు. ముసలావిడ ఎంత అరిచినా వినే నాథుడు లేడు.

ఆ అంచు నీవెస్‌కు తెలియనిది కాదు. అక్కడ తెల్లరాయి పట్టీ ఒకటి ఉంటుంది, నీళ్ళ కింద కూడా కాలితో తడిమి కనుక్కోవచ్చు. దాని కిందినుంచి పాచి మెట్లు. చిన్నప్పుడు కళ్ళకు గంతలు కట్టుకుని ఆ పట్టీ మీద నడిచి పందేలు గెలిచిన మనిషి. కానీ ఇప్పుడు కళ్ళు గొడుగు మీద ఉన్నాయి, గొడుగు కింద ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్నాయి, కాళ్ళు ఏం చేస్తున్నాయో చూసేవాళ్ళు లేరు. ముందుకు వేసిన అడుగు కింద రాయి జర్రున జారింది. దాని తరవాతి అడుగుకు కింద ఏమీ లేదు.

నీళ్ళు గుండెల దాకా వచ్చి ఊపిరిని పట్టేశాయి. బూట్లు నిండి రాళ్ళలా కిందికి లాగాయి. నీవెస్ బల్లరిన్‌కు ఈత రాదు. ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి అది. వాళ్ళ నాన్న పడవవాడే, ఆయనకీ రాదు. నీళ్ళ మీద బతికేవాడికి నీళ్ళలోకి దిగే పనేమిటి అనేవాడు. ఇన్నేళ్ళుగా అతిథుల ముందు ఈదడం పుట్టుకతో వస్తుందని చెప్పిన నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. రెండు చేతులా మెట్టును పట్టుకోబోతే పాచి వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. అరవడానికి ఊపిరి లేదు. ఇలాగే పోయి ఉంటుంది ఆవిడ, ఇదే చోట, ఇప్పుడే, అనుకుంది. ఆ తలపు నీళ్ళకన్నా చల్లగా ఉంది.

వెనకనుంచి ఎవరో కోటు మెడ పట్టుకున్నారు.

"కదలకండి. కొట్టుకోకండి. నా వైపు ఒరగండి."

ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో తెలియదు. ఒక్క ఊపులో కాదు, కొంచెం లాగి, ఆగి, మళ్ళీ కొంచెం లాగి, ఈనే ఆవు కడుపులోంచి దూడను లాగినట్టు, నీవెస్‌ను తెల్లరాయి మీదికి, అక్కణ్ణుంచి గోడ పక్కకు తెచ్చి పడేసింది. మేనత్త ఇంటి గుమ్మానికి రెండు ఎత్తు మెట్లున్నాయి. ఇద్దరూ పాక్కుంటూ ఆ మెట్ల మీదికి ఎక్కి, తలుపుకు ఆనుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు వదలకుండా వణుకుతూ కూర్చున్నారు. నీవెస్ దగ్గింది, కక్కింది, తల తిప్పి చూసింది. ఎర్మీనియా. తలకు కట్టుకున్న రుమాలు కూడా ఊడలేదు. ఒక కాలికి మాత్రం బూటు లేదు.

నీవెస్ నోట వచ్చిన మొదటి మాట కోపంగానే వచ్చింది. భయం అంతే, విడిచిపెట్టేటప్పుడు కోపం వేషం వేసుకుని పోతుంది.

"ఇక్కడే ఉండి పలకలేదేం? అంతలా పిలిచాను కదా."

"పలకబోయాను. గొంతు రాలేదు."

జరిగింది ఎర్మీనియా ముక్కలు ముక్కలుగా చెప్పింది. మంచులో నడిచినట్టే గొడుగుతో ముందు పొడుచుకుంటూ వచ్చిందిట. పొడిచినచోటల్లా రాయి తగిలింది. ఇక్కడికొచ్చాక పొడిస్తే గొడుగు పిడి దాకా దిగిపోయింది, కింద ఏమీ లేదు. భయంతో గొడుగు వదిలేసి వెనక్కి పడింది, ఒక బూటు ఎటో పోయింది, చేతికి తగిలిన ఈ మెట్లెక్కి తలుపు గుబ్బ పట్టుకుంది. ఇక కదలలేకపోయింది. ముందుకు పోవడం తెలియదు, వెనక్కి పోదామంటే కూడా అంతా నీళ్ళే. నీవెస్ రావడం చూసింది, ఆగమని అరవాలనుకుంది. నోరు తెరుచుకుంది గానీ శబ్దం పుట్టలేదు. నీవెస్ మునగడం చూశాక మాత్రం ఎలా దిగిందో, ఆ గుబ్బను ఎప్పుడు వదిలిందో ఆవిడకే తెలియదు.

"ఫోన్లో ఏదో అడగబోయారు," అంది నీవెస్. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "నేను విన్నాను. ఎందుకు అడగలేదు సియోరా?"

ఎర్మీనియా తలకున్న రుమాలు సరిచేసుకుంది.

"తిన్నగా అంటే ఎంతవరకు అని అడుగుదామనుకున్నా. మళ్ళీ నవ్వుతారని ఊరుకున్నా."

ఆవిడ నిష్టూరంగా అనలేదు. పొద్దున ఆవులు పడతాయని చెప్పినట్టే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిట్టి ఉంటే నీవెస్‌కు తేలికగా ఉండేది, తిరిగి ఏదో ఒకటి అనగలిగేది. ముసలావిడ భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక మనిషి నవ్వుకు భయపడి నీళ్ళలోకి నడిచింది. ఆ నవ్వు తనది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఇంకొకరి గురించి ఎన్నిసార్లు అందో, ఆ పిల్లి తనేనని ఇవాళ తెలిసింది. ఎర్మీనియా ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

సందు అవతలి కొసన వెలుతురు ఊగింది. జీజో. అగ్నిమాపకం వాళ్ళకన్నా ముందే వచ్చాడు, నడుం దాకా తడిసి, చేతిలో పెద్ద టార్చి పట్టుకుని రొప్పుతున్నాడు. ఇద్దరూ కనబడగానే గోడకు చేరబడి శిలువ గుర్తు వేసుకున్నాడు. తరవాత టార్చి వాళ్ళ వైపు తిప్పి, అలవాటైన నోరు కదా, పిలిచాడు.

"ఇంకేం భయం లేదు. తిన్నగా వచ్చెయ్యండి."

"నోరు ముయ్యరా జీజో," అంది నీవెస్. ఏడుపులోంచే అంది.

తన నోట మళ్ళీ ఏ మాట వచ్చిందో జీజోకు అప్పుడు వెలిగింది. టార్చి కిందికి దించి, అక్కడే కదలకుండా నిలబడి, దారి కనబడేలా నీళ్ళ మీద వెలుతురు పట్టుకున్నాడు. ఆ రాత్రంతా అతని నోట ఇంకో మాట రాలేదు. అతని జీవితంలో అది మొదటిసారి కావచ్చు.

నీవెస్ లేచి బూట్లలో నీళ్ళు ఒలకబోసుకుని, ఎర్మీనియా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మెట్టు దిగే ముందు ఆగి, ఏం ఉందో ముందు నోటితో చెప్పింది. ఇది మెట్టు, దీని కింద ఇంకో మెట్టు. కుడిచెయ్యి గోడ మీద ఉంచండి. ఎడమవైపుకు మాత్రం రావద్దు. ఇక్కడ ఒక రాయి ఎగుడుగా ఉంది. ఇదిగో, ఇక్కడ కుడికి తిరగాలి. తల వంచండి, కప్పు కిందకి ఉంటుంది. అరవయ్యేళ్ళ దారి. అందులో ఇన్ని మలుపులు, ఇన్ని ఎగుళ్ళు, ఇన్ని పడిపోయే చోట్లు ఉన్నాయని నీవెస్ నోరు ఆ రాత్రే మొదటిసారి తెలుసుకుంది. ఒక్కొక్కటి చెప్తుంటే ఆవిడ ఒళ్ళు జలదరిస్తోంది. వీటి పక్కనుంచే కదా రోజూ ఈల వేసుకుంటూ పోయాను అనుకుంది.

చీకటి దారి దాటి వంతెన దగ్గరికి వచ్చారు. కింది మెట్లు నీళ్ళలో ఉన్నాయి. అవతల నీవెస్ వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది, పులుసు మాడిన వాసన గాలికి ఇక్కడి దాకా వస్తోంది. ఎర్మీనియా మొదటి మెట్టు ముందు ఆగిపోయింది. ఒంటి బూటు కాలిని ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. నీవెస్ వైపు చూసి, చూపు దించుకుని, పొద్దుటి నుంచి అడక్కుండా మింగిన ప్రశ్నను చివరికి అడిగింది.

"నీవెస్ అమ్మా, ఇక్కడ భయపడాలా?"

నీవెస్ మెట్లను చూసింది, మెట్ల పక్కన నల్లగా కదులుతున్న నీళ్ళను చూసింది. మోచెయ్యి వదిలి, ఆవిడ చేతివేళ్ళలో తన వేళ్ళు దూర్చి పట్టుకుంది.

"భయపడాలి సియోరా," అంది. "నేనూ భయపడుతున్నాను. మెల్లిగా ఎక్కుదాం."